ఓర్చినవాని గెలుపు: కార్క్ నగరాధ్యక్షుడు టెరెన్స్ మాక్‌స్వీనీ

ఐర్లండు దేశానికి దక్షిణాన, లీ నది రెండు పాయలై చీలి మరల ఏకమయ్యే చోట, కార్క్ అనే పురాతన నగరం ఉన్నది. 1920వ సంవత్సరం మార్చి నెలాఖరున ఆ నగరపు పురభవనంలో సభ్యులు సమావేశమైనారు. నూతన నగరాధ్యక్షుని, ఆ దేశపు మాటలో లార్డ్ మేయరును, ఎన్నుకొనడం ఆనాటి కార్యక్రమం. అట్టి సభలు సాధారణంగా వేడుకగా సాగుతవి. అభినందనలు, ఛలోక్తులు, పూర్వాధ్యక్షుని సేవలను గూర్చి నాలుగు మంచి మాటలు, అంతటితో సభ ముగుస్తుంది. కాని ఆనాడు ఏ ముఖంలోను నవ్వు లేదు. పూర్వాధ్యక్షుడు కాలపరిమితి తీరి తొలగినవాడు కాడు; కాల్చి చంపబడినవాడు.

ఆయన పేరు టోమాస్ మాక్ కర్టెన్. ఆ సంవత్సరం జనవరిలో జరిగిన ఎన్నికల అనంతరం పీఠమెక్కినాడు. మార్చి 20వ తేదీన, తెల్లవారక ముందే, ముఖాలకు మసి పూసుకొన్న మనుషులు ఆయన ఇంటిలో చొరబడి, భార్యాబిడ్డలున్న ఇంటనే ఆయనను కాల్చివేసినారు. ఆయనకు ముప్పది ఆరు సంవత్సరాలు నిండినది ఆ దినముననే. మరణకారణాన్ని విచారించిన పంచాయతీ సభ్యులు తరువాత ఇచ్చిన తీర్పు లోకాన్ని నివ్వెరపరచినది. ఈ హత్య పోలీసు దళం చేసినదనీ, దానికి బాధ్యులలో బ్రిటిష్ ప్రధానమంత్రి లాయిడ్ జార్జ్ కూడా ఒకడనీ వారు నిర్ణయించినారు.

అట్టి పీఠంపై కూర్చుండడానికి ముందుకు వచ్చినవాడు హతుని ఆప్తమిత్రుడు టెరెన్స్ మాక్‌స్వీనీ. వయస్సు నలుబది ఒకటి. వృత్తిచేత ఉపాధ్యాయుడు, అభిరుచిచేత నాటకకర్త. ఆనాడు ఆయన చేసిన ప్రసంగం దీర్ఘమైనది కాదు. తాను గౌరవ పదవిని స్వీకరించడానికి రాలేదనీ, వరుసలో ఒక సైనికుడు కూలినప్పుడు మరొకడు ఆ చోట నిలిచినట్లు నిలువ వచ్చినాననీ చెప్పినాడు. తమ వైపున ఈ పోరాటం పగ తీర్చుకొనడంలో పోటీ కాదనీ, సహించడంలో పోటీ అనీ, ఎదుటివానిని ఎక్కువగా బాధింపగలవారు గాక, తాము ఎక్కువగా ఓర్వగలవారే తుదకు జయిస్తారనీ ఆ ప్రసంగంలోని సారాంశం.

ఓర్చినమ్మకు తేటనీరు అని తెలుగువారి సామెత. బురద అడుగున చేరేవరకు కడవతో నిలిచిన ఇల్లాలికి మంచినీరు దొరుకుతుంది. కాని ఆ ఓర్పునకు వెల గడియసేపటి నిరీక్షణ మాత్రమే. మాక్‌స్వీనీ చెప్పిన ఓర్పునకు వెల వేరు. ఏడు నెలలు నిండక ముందే ఆయన ఆ వెలను తన దేహంతో చెల్లించినాడు. వేదికపై పలికిన వాక్యం ఒకటి, పలికినవాని చేత అక్షరాలా ఆచరింపబడిన అరుదైన కథ ఇది.

టెరెన్స్ మాక్‌స్వీనీ 1879 మార్చి 28న కార్క్ నగరంలో జన్మించినాడు. తండ్రి జాన్ మాక్‌స్వీనీ యౌవనంలో లండనులో బడిపంతులు. పిమ్మట కార్క్ చేరి పొగాకు కర్మాగారం ఒకటి నెలకొల్పినాడు. వ్యాపారం కలిసిరాలేదు. 1885లో ఆయన బ్రతుకుతెరువు వెదుకుకొంటూ ఆస్ట్రేలియాకు వెళ్లినాడు. మరల తిరిగి రాలేదు. పది సంవత్సరాల తరువాత మెల్‌బోర్న్ నగరంలో కన్నుమూసినాడు. ఆరేండ్ల ప్రాయంలో తండ్రికి దూరమైన టెరెన్స్‌ను, తోడబుట్టినవారిని పెంచిన భారం తల్లి మేరీ విల్కిన్సన్‌ది, పెద్దక్కది. ఒక విశేషమేమంటే ఆ తల్లి ఇంగ్లీషు వనిత. అయినను ఐర్లండు స్వాతంత్ర్యం విషయంలో ఆమె అభిమానం మెట్టినింటివారి అభిమానానికి తీసిపోయినది కాదు.

ఇంటి పరిస్థితులు టెరెన్స్‌ను పదునైదవ ఏటనే పాఠశాల విడిచిపెట్టేటట్లు చేసినవి. ఒక వర్తకసంస్థలో గుమాస్తాగా చేరి లెక్కలు వ్రాయనారంభించినాడు. పగలు పద్దులు, పని విడిచిన పిదప పుస్తకాలు. ఈ విధంగా సంవత్సరాల తరబడి చదివి, 1907లో రాయల్ విశ్వవిద్యాలయం నుండి తత్త్వశాస్త్రంలో పట్టం పొందినాడు. అప్పటికి ఆయన వయస్సు ఇరువది ఎనిమిది. ఇతరులు చదువు ముగించి స్థిరపడే వయస్సున ఆయన చదువు ఫలించినది. ఒక పనిని పట్టితే ఎన్ని దినాలైనా విడువకపోవడం ఆ వయస్సుననే ఆయనకు స్వభావమైనది.

గుమాస్తా ఉద్యోగం ఆయన కూటికి. సాహిత్యం ఆయన ప్రాణానికి. 1901లో కొందరు మిత్రులతో కలిసి కెల్టిక్ సాహిత్య సంఘాన్ని స్థాపించినాడు. 1908లో ప్రసిద్ధ రచయిత డేనియల్ కార్కరీతో కూడి కార్క్ నాటక సమాజాన్ని నెలకొల్పినాడు. అంతకు పూర్వం కార్క్ రంగస్థలం మీద సాధారణంగా ఆడేవి ఇంగ్లండు నుండి వచ్చే నాటకాలు. తమ ఊరి మనుషుల బ్రతుకును తమ ఊరి రంగస్థలం మీద చూపవలెనని ఆ యువకుల సంకల్పం. ఆ సమాజం కొరకు మాక్‌స్వీనీ నాటకాలు వ్రాసినాడు. వానిలో ప్రాచీన వీరగాథలనుండి గ్రహించిన ఇతివృత్తాలున్నవి. తన కాలపు దేశభక్తుల మనోవేదనలూ ఉన్నవి. ‘ది రివల్యూషనిస్ట్’ అనే నాటకాన్ని డబ్లిన్ నగరంలోని సుప్రసిద్ధమైన అబ్బే రంగశాల ప్రదర్శించినది. అయితే అది 1921లో. అప్పటికి నాటకకర్త జీవించి లేడు. పత్రికలకు వ్రాసిన వ్యాసాల సంపుటి ‘ప్రిన్సిపుల్స్ ఆఫ్ ఫ్రీడమ్’ కూడా ఆ సంవత్సరమే గ్రంథరూపం ధరించినది.

1911లో మాక్‌స్వీనీ గుమాస్తా కొలువు మాని ఉపాధ్యాయుడైనాడు. కార్క్ మండలంలోని చిన్న చిన్న పట్టణాలలో వాణిజ్య శాస్త్రాన్ని బోధించడం, తరగతులు ఏర్పాటు చేయడం ఆయన విధి. ఈ ఉద్యోగం వలన ఆయనకు మండలంలోని మార్గాలు, మనుషులు, వారి కష్టసుఖాలు కరతలామలకమైనవి. రాజకీయాలలో ప్రవేశించిన తరువాత ఆ పరిచయమే ఆయనకు మూలధనమైనది. 1913లో ఐరిష్ వాలంటీర్ల దళం ఏర్పడినప్పుడు కార్క్‌లో దానిని నిలబెట్టినవారిలో ఆయన ముఖ్యుడు. 1914లో ‘ఫియానా ఫాయిల్’ అనే వారపత్రికను స్థాపించినాడు. పదునొకండు సంచికలు వెలువడేసరికి ప్రభుత్వం దానిని అణచివేసినది. మరుసటి ఏడు ఉపాధ్యాయ వృత్తికి కూడా స్వస్తి చెప్పి, పూర్తిగా దళ నిర్మాణంలో నిమగ్నుడైనాడు.

ఆయనను శాంతిమూర్తిగా చిత్రించడం సత్యానికి దూరం. ఆయుధం పట్టక తప్పదని నమ్మినవాడు ఆయన. ఆ నమ్మకానికి తొలి పరీక్ష 1916 ఏప్రిల్‌లో, ఈస్టర్ పండుగ వారంలో వచ్చినది. డబ్లిన్‌లో తిరుగుబాటు చెలరేగినది. కార్క్‌లో మాక్ కర్టెన్ నాయకుడు, మాక్‌స్వీనీ ఉపనాయకుడు. అయితే వాలంటీర్ల అధినేత ఇయోన్ మాక్‌నీల్ కదలికలను రద్దుచేస్తూ ఆజ్ఞ పంపినాడు. ఆజ్ఞలు, ప్రత్యాజ్ఞలు ఒకదానినొకటి కొట్టివేసే ఆ గందరగోళంలో కార్క్ దళం నిలిచిపోయినది. డబ్లిన్‌లో సహచరులు పోరాడి కూలుతుండగా, పిమ్మట తుపాకిగుండ్లకు ఎర అవుతుండగా, కార్క్ నగరం మౌనంగా ఉండవలసివచ్చినది. అది ఆయన తప్పు కాకపోవచ్చు. కాని లోకం వేసిన నింద కంటె మనిషి తనపై తాను వేసుకొనే నింద బరువైనది. ఆనాడు చెల్లింపక మిగిలిన ఋణమేదో ఉన్నదన్న భావం ఆయన తరువాతి నడతలో కనుపించక మానదు.

తెలుగువారికి ఈ ఘట్టంతో ఒక చిన్న సంబంధమున్నది. ఆ కాలంలో డబ్లిన్‌లో న్యాయశాస్త్రం చదువుతున్న భారతీయ విద్యార్థులలో బరంపురానికి చెందిన తెలుగు యువకుడు వరాహగిరి వెంకటగిరి ఒకడు. 1913లో అక్కడ చేరిన ఆయన ఐరిష్ ఉద్యమం పట్ల సానుభూతి చూపి, తిరుగుబాటు అనంతరం 1916లోనే ఆ దేశం విడువవలసివచ్చినది. 1969లో భారత రాష్ట్రపతి అయిన వి.వి. గిరి ఈయనే. ఐర్లండులో కళ్లార చూచిన ఉద్యమమే తన రాజకీయ జీవితానికి పునాది అని ఆయన తలచేవాడు.

తిరుగుబాటు అణగినాక మాక్‌స్వీనీ జీవితం చెరసాలల పట్టికగా మారినది. 1916లో రెడింగ్, వేక్‌ఫీల్డ్ మున్నగు చోట్ల నిర్బంధం. డిసెంబరులో విడుదల. రెండు నెలలు తిరుగకుండానే మరల పట్టుకొని ఇంగ్లండుకు దేశాంతరవాసం. ఆ ప్రవాసంలోనే, 1917 జూన్‌లో, బ్రామ్‌యార్డ్ అనే చిన్న ఊరిలో మ్యూరియల్ మర్ఫీని వివాహమాడినాడు. ఆమె కార్క్‌లో సారా కర్మాగారాలు గల మహాసంపన్నుల ఇంటి ఆడపడుచు. ఆ సంబంధం పుట్టినింటివారికి రుచింపలేదు. ఖైదు తప్ప ఆస్తి లేని వరునికి పిల్లనివ్వడానికి ఏ ధనికుడు సంతోషిస్తాడు? మరుసటి సంవత్సరం జూన్‌లో ఆ దంపతులకు కుమార్తె మోయిరా జన్మించినప్పుడు తండ్రి చెరసాలలోనే ఉన్నాడు.

ఇంటివారు పడిన కష్టాలూ తక్కువవి కావు. అక్క మేరీ పాఠశాల ఉపాధ్యాయిని. 1916లో పోలీసులు ఆమెను తరగతి గదిలోనే, విద్యార్థినుల ఎదుట, అరెస్టు చేసినారు. ఆ కారణంగా ఉద్యోగం పోయినది. ఆమె వగచుచు కూర్చుండలేదు. చెల్లెలు ఆనీతో కలిసి, ఆ సంవత్సరమే, సొంత పాఠశాల ఒకటి తెరచినది. ఒక ఇంటినుండి ముగ్గురు బోధకులు బయలుదేరినారు. ముగ్గురూ తాము బోధించినదానికి వెల చెల్లించినారు.

1918 డిసెంబరు సాధారణ ఎన్నికలలో మధ్య కార్క్ నియోజకవర్గం నుండి మాక్‌స్వీనీ పోటీలేకుండా ఎన్నికైనాడు. సిన్‌ఫీన్ పక్షం వారు లండను పార్లమెంటుకు పోక, డబ్లిన్‌లో ‘డాయిల్’ అనే సొంత శాసనసభను 1919 జనవరిలో ఏర్పరచుకొన్నారు. 1920 మునిసిపల్ ఎన్నికల తరువాత కార్క్ నగరసభ ఆ డాయిల్‌కు విధేయత ప్రకటించినది. ఇక ఆ నగరంలో రెండు ప్రభుత్వాలు. బ్యారక్కులలో ఒకటి, పురభవనంలో మరొకటి. పగలు నగరసభా వ్యవహారాలు చూచేవాడు, వాలంటీర్ల దళాధిపతి, శాసనసభ్యుడు, మూడు పాత్రలూ ఒక్క మాక్‌స్వీనీవే. మిత్రునికి పట్టిన గతి ఎరిగినవాడు కావడం చేత రాత్రులు తన ఇంట నిదురించడం మానినాడు.

ఆగస్టు 12వ తేదీ గురువారం సాయంకాలం సైనికులు పురభవనాన్ని ముట్టడించినారు. మాక్‌స్వీనీ, కొందరు సహచరులు పట్టుబడినారు. సైనిక న్యాయస్థానంలో విచారణ 16వ తేదీన జరిగినది. ఆయనపై మోపిన అభియోగాలు నేటి విద్యార్థికి వింతగా తోచవచ్చు. పోలీసుల సంకేతలిపి ఒకటి ఆయన అధీనంలో ఉండడం ఒకటి. డాయిల్‌కు విధేయత తెలుపుతూ నగరసభ చేసిన తీర్మానపు ప్రతి దొరకడం మరొకటి. మార్చి నెలలో పీఠమెక్కిననాడు తాను చేసిన ప్రసంగపు ప్రతి తన వద్దనే ఉండడం ఇంకొకటి. ఓర్చినవాడే గెలుస్తాడని చెప్పిన ఆ ప్రసంగమే ఆయన మీద సాక్ష్యమైనది!

ఆయన వాదింపలేదు. నగరానికి ప్రథమ న్యాయాధిపతి తానేననీ, తనను విచారించే అధికారం ఆ న్యాయస్థానానికి లేదనీ చెప్పినాడు. రెండు సంవత్సరాల శిక్ష విధింపబడినది. గురువారం నుండి తాను అన్నం ముట్టలేదనీ, శిక్ష ఎంతకాలమని విధించినను నెల తిరిగేలోగా ప్రాణంతోనో ప్రాణం లేకుండానో విముక్తుడను కాగలననీ న్యాయాధిపతులకు తెలిపినాడు. కార్క్ చెరసాలలో మరికొందరు ఖైదీలు ఆగస్టు 11 నుండే నిరశనం పూని ఉన్నారు. ఆయన వారితో ఏకమైనాడు. ప్రభుత్వం ఆయనను ఓడమీద సముద్రం దాటించి, లండనులోని బ్రిక్స్‌టన్ చెరసాలకు చేర్చినది.

ఈ నిరశనం వెనుక ఒక పూర్వకథ ఉన్నది. 1917 సెప్టెంబరులో డబ్లిన్ చెరసాలలో బలవంతంగా ఆహారం ఎక్కించిన కారణంగా టామస్ యాష్ అనే నాయకుడు మరణించినాడు. దేశమంతా కలత చెందినది. ఆ ఏటి నవంబరులో మాక్‌స్వీనీ స్వయంగా అరెస్టయి, మూడు దినాల ఉపవాసంతో విడుదల పొందినాడు. 1920 ఏప్రిల్‌లో డబ్లిన్ మౌంట్‌జాయ్ చెరసాలలో ఖైదీలు సామూహికంగా నిరశనం పూనగా, ప్రజలు సమ్మె చేయగా, ప్రభుత్వం వారిని విడిచిపెట్టినది. కావున ఆగస్టు నాటికి మంత్రులు ఒక నిర్ణయానికి వచ్చి ఉన్నారు. ఇక లొంగరాదు. ఒక్కని విడిస్తే చట్టానికి విలువ ఉండదని వారి వాదం. ఖైదీ పట్టుదల ఒకవైపు, సామ్రాజ్యపు పట్టుదల ఒకవైపు. మధ్య నీరు మాత్రమే త్రాగుతున్న ఒక దేహం.

నెల గడిచినది. మనిషి మరణింపలేదు. లండను పత్రికలలో కొన్ని, రహస్యంగా ఆహారం అందుతున్నదేమోనని అనుమానాలు ప్రకటించినవి. ఓర్చేవాని ఓర్పు కూడా చూచేవారికి నేరంగా తోచే సమయాలుంటవి. భార్య, అక్క, చెల్లెలు, తమ్ముడు షాన్ వంతులవారీగా పడక చెంత కూర్చుండేవారు. ఫాదర్ డొమినిక్ అనే కపుచిన్ సన్న్యాసి మతవిధులు నిర్వర్తించేవాడు. ఆహారం చేయి చాచినంత దూరంలోనే ఉండేది. తీసుకొమ్మని వైద్యులు చెప్పేవారు. ప్రతి దినం, ప్రతి పూట, ఆయన మరల మరల అదే నిర్ణయం చేయవలసివచ్చేది. యుద్ధరంగంలో వీరుడు ఒక్క క్షణం తెగిస్తే చాలును. ఈ తెగింపు డెబ్బది నాలుగు దినాలు తెగక సాగవలసినది.

లోకం కదలినది. ఐదవ జార్జి చక్రవర్తికి విజ్ఞప్తులు వెల్లువెత్తినవి. చక్రవర్తికి కరుణ చూపవలెననియే ఉండినది గాని, మంత్రివర్గం అంగీకరింపలేదు. న్యూయార్కు రేవులో కూలీలు బ్రిటిష్ ఓడల సరుకు ముట్టమని పని మానినారు. ఫ్రాన్సు, జర్మనీ దేశాలలో నిరసనలు వినిపించినవి. పేరు కూడా ఎరుగని ఒక చిన్న నగరపు అధ్యక్షుని ఊపిరిని గూర్చి ఖండాంతరాలలో మనుషులు ప్రతి ఉదయం పత్రికలలో వెదకినారు.

అక్టోబరు మూడవ వారంలో ఆయనకు స్మారకం తప్పినది. ఆ స్థితిలో వైద్యులు నోటిలో ఆహారం పోయ యత్నించినారు. తెలివి ఉన్నంతవరకు నోరు మూసుకొన్నవానికి, తెలివి తప్పినాక నోరు తెరిపించడం జరిగినది. అడ్డుతగిలిన అక్కచెల్లెండ్రను చివరి దినాలలో లోనికి రానీయలేదు. 1920 అక్టోబరు 25వ తేదీ తెల్లవారుజామున, తమ్ముడు, సన్న్యాసి చెంత ఉండగా, టెరెన్స్ మాక్‌స్వీనీ ప్రాణం విడిచినాడు. అది డెబ్బది నాలుగవ దినం.

కీర్తి ఒక్క పేరునే పట్టుకొంటుంది. కాని కార్క్ చెరసాలలో మైకేల్ ఫిట్జ్‌జెరల్డ్ అనే ఖైదీ అక్టోబరు 17ననే, అరువది ఏడు దినాల నిరశనం పిదప, మరణించి ఉన్నాడు. మాక్‌స్వీనీ మరణించిన దినాననే, కొన్ని గంటల తేడాతో, జోసెఫ్ మర్ఫీ అనే యువకుడు డెబ్బది ఆరవ దినాన కన్నుమూసినాడు. మిగిలిన తొమ్మండుగురు నవంబరు 12న, దేశనాయకుడు ఆర్థర్ గ్రిఫిత్ కోరికపై, నిరశనం విరమించినారు. చనిపోవడానికి సిద్ధపడినట్లే, బ్రతుకుడని దేశం ఆజ్ఞాపించినప్పుడు బ్రతుకడానికి కూడా వారు సిద్ధపడినారు. ఆ తొమ్మండుగురి కథను ఈ కథ నుండి వేరుచేయరాదు.

లండనులోని సెయింట్ జార్జి దేవాలయంలో మాక్‌స్వీనీ దేహాన్ని ఉంచగా ముప్పది వేలమంది దర్శించినారని లెక్క. డబ్లిన్ మీదుగా కార్క్‌కు కొనిపోవలెనని కుటుంబం సంకల్పించినది. కాని రాజధానిలో జనం పోగవుతారన్న భయంతో, హోలీహెడ్ రేవులో అధికారులు శవపేటికను పట్టుకొని నేరుగా కార్క్ ఓడ ఎక్కించినారు. డబ్లిన్ నగరం దేహం లేకనే దుఃఖం సలుపుకొన్నది. కార్క్‌లో పురభవనంలోనే ఆయనను చివరి దర్శనార్థం ఉంచినారు. అక్టోబరు 31న సెయింట్ ఫిన్‌బార్ శ్మశానవాటికలో, మిత్రుడు మాక్ కర్టెన్ సమాధి చెంత, అంత్యక్రియలు జరిగినవి.

ఏ భవనంలో ఆయన ఓర్పును గూర్చి పలికినాడో, ఏ భవనంలో పట్టుబడినాడో, ఏ భవనంలో శవమై పరుండినాడో, ఆ భవనం మరి ఆరు వారాలు నిలిచినది. డిసెంబరు 11వ తేదీ రాత్రి బ్రిటిష్ బలగాలు కార్క్ నగరానికి నిప్పు పెట్టినవి. నడిబొడ్డున అంగళ్లు, గ్రంథాలయం, పురభవనం భస్మమైనవి.

ఇంతకును గెలిచినది ఎవరు? ఆ దినాన చూచినవానికి సామ్రాజ్యమే గెలిచినట్లు తోచును. ఖైదీని విడువలేదు, చట్టం వంగలేదు. కాని ఏడాది తిరిగి రెండు మాసాలు గడవక ముందే, 1921 డిసెంబరు 6న, ఆ ప్రధానమంత్రియే ఐరిష్ ప్రతినిధులతో ఒడంబడికపై సంతకం చేసినాడు. ఒక్క మరణం ఇంత చేసినదనడం అతిశయోక్తి. ఎందరి పోరాటమో దాని వెనుక ఉన్నది. అయినను ఐర్లండును బలంతో పాలించడానికి ఎంత వెల కావలెనో లోకానికీ, ఇంగ్లండు ప్రజలకూ కంటికి కట్టినట్లు చూపినది బ్రిక్స్‌టన్ చెరసాల.

అయితే తేటనీరు వెంటనే దొరకలేదు. ఒడంబడిక దేశ విభజనను తొలగింపలేదు. పూర్ణ స్వాతంత్ర్యాన్ని ఈయలేదు. అక్క మేరీ దానిని తీవ్రంగా వ్యతిరేకించినది. మాక్‌స్వీనీ సమాధి వద్ద ప్రసంగించిన గ్రిఫిత్ ఒడంబడికను సమర్థించినవాడు. ఒకే శవపేటిక వెనుక నడచినవారు 1922లో ఒకరికొకరు ఎదురునిలిచినారు. అంతర్యుద్ధంలో సోదరులు సోదరులను చంపుకొన్నారు. పరుల చేతి బాధను ఓర్చిన జాతి, తనవారి మాటను ఓర్వలేకపోయినది. మాక్‌స్వీనీ బ్రతికి ఉంటే ఏ పక్షాన నిలిచేవాడో చెప్పగలవారు లేరు.

ఆయన మరణం ఆత్మహత్యయా, త్యాగమా అన్న వివాదం ఆనాడే మతపండితులలో రేగినది. చావును కోరినవాడు కాడనీ, స్వేచ్ఛను కోరి దానికి వెలగా చావును అంగీకరించినవాడనీ సమర్థించినవారి వాదం. సత్యాగ్రహపు నిరశన దీక్షలను ఎరిగిన భారతీయులకు ఈ తర్కం క్రొత్తది కాదు. లాహోరు చెరసాలలో ఖైదీల హక్కుల కొరకు నిరశనం పూనిన బెంగాలీ యువకుడు జతీన్ దాస్ 1929 సెప్టెంబరు 13న, అరువది మూడవ దినాన, మరణించినాడు. అప్పుడు మాక్‌స్వీనీ కుటుంబం దుఃఖాన్నీ గర్వాన్నీ తెలుపుతూ భారతదేశానికి తంతి పంపినది. జవహర్‌లాల్ నెహ్రూ చెరసాల నుండి కుమార్తెకు వ్రాసిన ప్రపంచ చరిత్ర లేఖలలో కార్క్ నగరాధ్యక్షుని స్మరించినాడు. 1952లో యాబది ఎనిమిది దినాలు ఉపవసించి అసువులు బాసిన పొట్టి శ్రీరాములును కన్న జాతికి, ఆ పడక చెంత కూర్చున్నవారి వేదన ఎట్టిదో వేరుగా వివరింప పనిలేదు.

త్యాగానికి ఇంకొక వెల ఉన్నది. దానిని చరిత్ర తరచుగా లెక్కలో వేయదు. మ్యూరియల్ భర్తను కోల్పోయిన ఆరు వారాలకే అమెరికా వెళ్లి, వాషింగ్టనులో విచారణ సంఘం ఎదుట తన దేశపు బాధను వినిపించినది. న్యూయార్కు నగరం 1922లో ఆమెకు పౌరసమ్మానం చేసినది. ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే. కాని తండ్రి పోయినప్పుడు రెండేండ్లు నిండిన మోయిరా బాల్యం జర్మనీలో, పరాయి ఇండ్లలో గడచినది. 1932లో మేనత్త మేరీ ఆ బాలికను ఐర్లండుకు తెచ్చి పెంచినది. తండ్రి పేరు లోకమంతా ఎరిగినది. తండ్రి ముఖం ఆ బిడ్డ ఎరుగదు.

కార్క్‌లో పురభవనం మరల లేచి 1936లో ప్రారంభింపబడినది. దాని వాకిట ఇద్దరు నగరాధ్యక్షుల ప్రతిమలు ఇరుప్రక్కల నిలిచి ఉన్నవి. ఒకడు తుపాకిగుండుకు కూలినవాడు, ఒకడు ఆకలికి కృశించినవాడు. సభలకు పోయేవారు ఆ ఇద్దరి నడుమ నుండి పోవలెను. నాలుగు మంచి మాటలు మాట్లాడి ఇంటికి పోవడం ఎంత సులభమో, మాట్లాడిన మాటకు కట్టుబడడం ఎంత కష్టమో ఆ వాకిలి దాటేవానికి ఎవరూ బోధింపనక్కరలేదు.